సోమవారం పార్క్ పర్మిట్ రద్దయింది, అందరూ చూడండి

సునీత (బుధవారం రాత్రి 9:40)
ఇప్పుడే మెయిల్ వచ్చింది. మెమోరియల్ డే పిక్నిక్‌కి మనకిచ్చిన పార్క్ షెల్టర్ రద్దు చేశారు. పక్కనున్న యుద్ధ స్మారకం దగ్గర ఆ ఉదయం ఊరి కార్యక్రమం ఉందట, మైకు, పాటలు కుదరవన్నారు. మనం కట్టిన డబ్బు వెనక్కిస్తారు. 180 మంది పేర్లిచ్చారు. పాత లిస్టే మళ్లీ పెడుతున్నాను: సౌండ్ కిరణ్, బిర్యానీ ట్రేలు మాధవి అక్క, క్రికెట్ వంశీ, బ్యానర్ నేను. ఎవరి పని ఎంతవరకొచ్చిందో రేపు సాయంత్రంలోగా చెప్పండి. చోటు కూడా ఆలోచించండి.

కిరణ్ (9:52)
ఇదేం న్యాయం అక్కా? మార్చిలో ఇచ్చిన పర్మిట్ ఇప్పుడు రద్దా? సౌండ్ వాళ్లకు అడ్వాన్స్ కట్టేశాను, అది వెనక్కి రాదు. రేపు ఆఫీసుకు వెళ్లి గట్టిగా అడుగుదాం.

వంశీ (9:58)
నేనూ వస్తా అన్నా. లాంగ్ వీకెండ్‌లో ఇంకో పార్క్ దొరకడం కష్టం.

ప్రసాద్ (10:15)
ఇంత ఆలస్యంగా చెప్పడం వాళ్ల తప్పే. కానీ కాదన్నది మాత్రం సరైన మాట. పక్కింట్లో శవం లేవకముందే మనింట్లో మేళం పెట్టిస్తామా? ఆ రోజు పొద్దున జెండాను పైదాకా ఎత్తి, మళ్లీ సగానికి దించుతారు. 12 గంటలకు గానీ తిరిగి పైకి ఎత్తరు. మెమోరియల్ డే అంటే అమెరికా తరఫున యుద్ధాల్లో చనిపోయిన సైనికులను తలుచుకునే రోజు, ఆ పూట వాళ్లది. మనం పాటలు మొదలుపెడదామనుకున్నది 11కి.

మాధవి (10:21)
అది సరే ప్రసాద్ గారూ, 180 మందికి అన్నం ఎక్కడ పెట్టాలో చెప్పండి. నేను 14 ట్రేలు ఆర్డర్ ఇచ్చేశాను. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టేలా లేదు.

కిరణ్ (10:24)
పని మేం చేయాలి, నీతులు మీరు చెప్పాలి. ప్రతిసారీ ఇంతే. ఈ దేశమంతా ఆ రోజు బార్బెక్యూలు పెట్టుకుంటుంది, షాపులు సేల్స్ పెడతాయి. మనం పెడితేనే తప్పా?

ప్రసాద్ (11:05)
తప్పని అనను కిరణ్. మధ్యాహ్నం తర్వాత అందరూ కలిసి తింటారు, మనమూ తిందాం. నాకు బాధ ఎందుకో చెబుతాను. మా వీధి చివరింటి ఆవిడ కొడుకు ఇరాక్ నుంచి తిరిగి రాలేదు. నేను ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది తెలియక ఆవిడకి ‘హ్యాపీ మెమోరియల్ డే’ అన్నాను. తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. మరుసటి ఏడు నేనే ఆవిణ్ణి శ్మశానానికి కారులో దింపాను. తడిగుడ్డతో రాయి మీద పేరు తుడిచింది. అక్షరాల గాడిలో పట్టిన నాచును అగ్గిపుల్లతో ఒక్కొక్కటే గీకి తీసింది. తర్వాత మడత కుర్చీ వేసుకుని మూడింటి దాకా కూర్చుంది. 3 గంటలకు దేశమంతా ఒక నిమిషం మౌనం పాటించాలని 2000లో చట్టం చేశారు. సునీతా, నేను ఆవిడతో అన్న ఆ ‘హ్యాపీ’ మాటే మన బ్యానర్ మీదా ఉందమ్మా.

ఇది బతికున్న సైనికులకు థాంక్స్ చెప్పే రోజు కాదు, దానికి నవంబర్ 11 ఉంది. అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో 6 లక్షల మందికి పైగా పోయారు. 1865 మే 1న దక్షిణాదిలోని చార్లెస్టన్ ఊళ్లో, అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు, గుంతల్లో కుప్పగా పూడ్చేసిన 257 మంది యూనియన్ (ఉత్తరాది) సైనికులకు విడివిడిగా సమాధులు కట్టి, పూలు చల్లి ఊరేగింపు చేశారు. మే 30న సైనికుల సమాధులకు పూలు పెట్టమని 1868లో యూనియన్ తరఫున పోరాడిన జనరల్ లోగన్ పిలుపునిచ్చాడు. అందుకే దీన్ని మొదట డెకరేషన్ డే అన్నారు. మే ఆఖరి సోమవారానికి మారింది 1971లో. లాంగ్ వీకెండ్ తర్వాత వచ్చింది, పూలే ముందు.

కిరణ్ (గురువారం ఉదయం 6:50)
రాత్రి నోరు జారాను ప్రసాద్ గారూ, క్షమించండి. మాది తాడేపల్లిగూడెం వైపు. మిలిటరీ మాధవరం తెలియనివాళ్లు మా దగ్గర ఉండరు, ఇంటికొకరు ఫౌజుకు వెళ్లిన ఊరు. అక్కడి స్మారకం పక్కన ఎవరైనా డీజే పెడతానంటే నేనే ముందు అడ్డం పడేవాణ్ణి. సౌండ్ అడ్వాన్స్ పోతే పోయింది, నేను పెట్టుకుంటాను.

సునీత (7:30)
బ్యానర్ వాళ్లకు ఇప్పుడే ఫోన్ చేసి ఆపించాను. ఇంకా ప్రింట్ కాలేదు.

వంశీ (మధ్యాహ్నం 12:45)
ఊరి శ్మశానంలో సైనికుల సమాధులకు జెండాలు పెట్టే మాజీ సైనికుల సంఘం వాళ్లతో మాట్లాడాను. శనివారం పొద్దున పెడతారట. వాళ్లలో చాలామంది పెద్దవాళ్లు, వంగలేకపోతున్నారు, ఎంతమంది వచ్చినా సరే అన్నారు. రాయి మధ్యకు సూటిగా, రాయికి ఒక బూటు దూరంలో గుచ్చాలి. ఆర్లింగ్టన్ జాతీయ సైనిక శ్మశానంలో సైనికులు 2 లక్షల 60 వేలకు పైగా సమాధులకు ఇలాగే కొలిచి పెడతారట. పెట్టాక ఆ పేరు పైకి చదవాలి. పిల్లలు చదివితే వాళ్లకు ఇంకా ఇష్టమట.

మాధవి (12:58)
నేను వస్తా. చనిపోయిన సైనికుల గుర్తుగా పెట్టుకునే ఎర్ర పాపీ పూలు పిల్లలతో క్రేప్ కాగితంతో చేయిస్తాను, రేపు సాయంత్రం మా ఇంట్లో. బిర్యానీ 6 ట్రేలకు తగ్గించాను. సోమవారం 4 గంటలకు మా పెరట్లోనే పెడదాం, ఎవరి కుర్చీలు వాళ్లు తెచ్చుకోండి. శనివారానికి పులిహోర పొట్లాలు కడతాను, ఆ పెద్దవాళ్లకీ ఇద్దాం, కారం తగ్గించి.

కిరణ్ (1:10)
మంచినీళ్లు, గొడుగులు నావి. ప్రసాద్ గారూ, ఆ అమ్మ కూడా వస్తారేమో అడుగుతారా? నేను కారు తెస్తాను.

ప్రసాద్ (5:20)
అడిగాను. శనివారం రానంది, సోమవారం ఎప్పటిలా వెళ్తుందట. పిల్లలు తన కొడుకు పేరు చదివేటప్పుడు ఇంటిపేరు ఎలా పలకాలో నాకు రెండుసార్లు పలికి చూపించింది. శనివారం గేటు దగ్గర మీకు చెబుతాను.

సునీత (శుక్రవారం రాత్రి 8:15)
రేపు 8 గంటలకు తూర్పు గేటు. ఇప్పటికి 41 మంది. సాయంత్రం వాన పడింది, గడ్డి తడిగా ఉంటుంది, పిల్లలకు బూట్లు వేయండి.