రీలు లేని కట్టెకు ఏ తంగూసు కట్టాలి?

పానగల్లు_గాలం:
అన్నలూ, ఒక టెంకర కట్టె, అంటే జపాన్ తరహా గాలం కట్టె, తెప్పించుకున్నా, 3.6 మీటర్లది, మడిస్తే సంచిలో పట్టేస్తుంది. రీలు ఉండదు, కొసన ఉన్న చిన్న దారానికే తంగూసు ముడివేయాలి. ఇంట్లో ఉన్న 0.20 మిల్లీమీటర్ల నైలాన్ కట్టి ఉదయసముద్రం కట్ట మీద నాలుగు రోజులు విసిరితే, ఈకల గాలం (ఎరకు బదులు పురుగులా కనిపించేలా ఈకలు కట్టిన కొక్కెం) ముందుకు పోవడమే లేదు, తిరిగొచ్చి నా చొక్కాకే తగులుకుంటోంది. మా నాన్న వెదురు కట్టెకు ఇదే తంగూసుతో పరకలు పట్టేవాడు, మరి నాకెందుకు పోదు? ఫ్లోరోకార్బన్ కొనాలా, అల్లిన దారమా? కొర్రమీను కూడా పడితే బాగుండు.

దిండి_వాగు:
తమ్మీ, మీ నాన్న గాలానికి ఎర ఉంటుంది, సీసం గుండు ఉంటుంది, ఆ బరువే తంగూసును లాక్కుపోతుంది. ఈకకు బరువెక్కడిది? ఇక్కడ తంగూసు బరువే ఈకను మోసుకెళ్లాలి. అదే మందంలో నైలాన్ కంటే ఫ్లోరోకార్బన్ బరువు, నీళ్లతో పోలిస్తే ఇది 1.78, అది 1.14. జపాన్ లెక్కలో 3.5 నంబరు తీసుకో, సుమారు 0.31 మిల్లీమీటర్లు. మొదట కట్టె ఎంత పొడుగో అంతే కట్టు, దాని కొసకు ఒక మీటరు సన్నది, 0.15 నైలాన్. లావుది నారింజ రంగులో దొరికితే అదే కొను, చేప కొరికింది తెలిసేది దాని కదలికలోనే. కొత్తది చుట్టలు చుట్టలుగా ఉంటుంది, విసిరే ముందు రెండు చేతులా పట్టి మెల్లగా సాగదియ్యి.

జూరాల_గట్టు:
అంత ఖర్చు ఎందుకు, నేర్చుకునేవాడికి లావు నైలాన్ చాలు. 0.40 కడితే బరువు దాదాపు ఆ 0.31 ఫ్లోరోకార్బన్‌కు సమానం, కాకపోతే లావు కాబట్టి గాలి ఎక్కువ పట్టుకుంటుంది, పొద్దున గాలి లేనప్పుడు వెళ్లు. అల్లిన దారం మాత్రం వద్దు. అది నీళ్ల కంటే తేలిక, పైగా మెత్తగా ఉండి కొసకు చుట్టుకుంటుంది, నేను విడదీయకుండా లాగి పై ముక్క విరగ్గొట్టుకున్నా, రెండు నెలలు కట్టె మూలన పడింది.

దిండి_వాగు:
గాలి మాట నిజమే, కానీ కట్ట మీద గాలి లేని రోజు నాకైతే దొరకలేదు.

సాగర్_కాల్వ:
కొర్రమీను ఆశ వదులుకో. రీలు లేనప్పుడు పెద్ద చేప లాగితే వదలడానికి దారం ఉండదు, ఏదో ఒకటి తెగాలి. ముందు తెగాల్సింది ఆ సన్నటి కొస, అందుకే దాని మందం కట్టె మీద రాసిన హద్దు దాటనివ్వద్దు, చేప పెద్దదని 0.30 కడితే విరిగేది కట్టె. తెగిన ముక్కలు గట్టున పారేయకు, కొంగల కాళ్లకు చుట్టుకుంటాయి. ఇంకోటి, చెరువులు చాలావరకు మత్స్య సహకార సంఘాల కింద ఉంటాయి, వాళ్లను అడిగి దిగు.

పానగల్లు_గాలం:
0.40 నైలాన్ మా వీధి దుకాణంలోనే దొరికింది, కొసకు 0.15. నిన్న తెల్లారి ఆరింటికి వెళ్తే చొక్కా జోలికి రాలేదు, రెండు జిలేబీ చేపలు పడ్డాయి, వదిలేశా. తొమ్మిది దాటాక గాలి లేచింది, ఇక అంతే, దిండి అన్న చెప్పిన ఫ్లోరోకార్బన్ వెతుకుతున్నా.