బెరా గ్రాఫులో రెండో వేవ్: పిల్లికో లెక్క, మనిషికో లెక్కా?

ప్రశ్న (హనుమకొండ, ఎమ్మెస్సీ జువాలజీ):
అన్నలూ, ఒక డౌటు. బెరా అంటే చెవిలో శబ్దం వినిపించి, నాడిలో, మెదడులో లేచే విద్యుత్ అలల్ని (వేవ్‌లు) గ్రాఫు తీసే పరీక్ష కదా. ఆ గ్రాఫులో పిల్లికి మొదటి వేవ్ శ్రవణ నాడిది, రెండోది కాక్లియర్ న్యూక్లియస్‌ది (మెదడులో ఆ నాడి చేరే మొదటి మజిలీ) అని నోట్సులో ఉంది. మొన్న అక్క కొడుక్కి చెవి పరీక్ష చేయిస్తే, మొదటి రెండూ నాడివే అన్నాడు టెక్నీషియన్. అక్కడే వాదన పెట్టుకున్నా. ఎల్లుండి ఇంటర్నల్స్, ఏది రాయాలి?

జవాబు (కాజీపేట):
రెండూ కరెక్టే చెల్లె. తేడా అంతా నాడి పొడవులో ఉంది. మనిషిలో సుమారు 25 మిల్లీమీటర్లు, పిల్లిలో 8 దాకా. మనలో మొదటి వేవ్ లోపలి చెవి వైపు కొసన పుడుతుంది. ఆ సిగ్నల్ మెదడు వైపు కొసకు చేరడానికి దాదాపు ఒక మిల్లీసెకండు పడుతుంది కాబట్టి రెండో వేవ్‌గా విడిగా కనిపిస్తుంది. పిల్లిలో అంత దూరం ఎక్కడిది? కాజీపేటలో ఎక్కి వరంగల్‌లో దిగినట్టే. అందుకే దాని రెండో వేవ్‌లో ఎక్కువ వంతు కాక్లియర్ న్యూక్లియస్‌దే. మనిషిలో ఆ న్యూక్లియస్ వంతు మూడో వేవ్‌కు పోతుంది.

ఒకప్పుడు జంతువుల లెక్కనే మనిషికీ అంటగట్టేవారు. 1981లో శ్రవణ పరిశోధకుడు మోలర్, న్యూరోసర్జన్ జానెటా ఆపరేషన్ సమయంలో మనిషి నాడి మీదే ఎలక్ట్రోడ్ పెట్టి చూశాకే సంగతి బయటపడింది.

ప్రశ్న:
థాంక్స్ అన్నా. మరి సిగ్నల్ మొదట పుట్టేది లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే హెయిర్ సెల్‌లోనేనా?

జవాబు (మామునూరు, వెటర్నరీ):
హెయిర్ సెల్‌లో వోల్టేజి మారుతుంది కానీ స్పైక్ (నాడి వెంట పరుగెత్తే విద్యుత్ పల్స్) రాదు. అది నాడికి కబురందించే గ్లూటమేట్ అనే రసాయనం వదులుతుంది, అంతే. నాడి తంతువు ఎముకలోని హబెన్యులా పెర్ఫొరాటా అనే సన్న రంధ్రం దాటేచోట మైలిన్ అనే కొవ్వు తొడుగు మొదలవుతుంది. సోడియంను లోపలికి వదిలే ద్వారాలు (సోడియం చానెళ్లు) గుమిగూడేది అక్కడే, స్పైక్ లేచేదీ అక్కడే.

ఇక్కడ పెద్దపెద్దవాళ్లే బోల్తా పడ్డారు. 1930లో వీవర్, బ్రే అనే శాస్త్రవేత్తలు పిల్లి శ్రవణ నాడికి తీగ తగిలించి, దాని చెవిలో చెప్పిన మాటలు వేరే గదిలో విన్నారు. నాడే మాటను మోస్తోందనుకున్నారు. అందులో చాలా భాగం హెయిర్ సెల్స్ నుంచి వచ్చే కాక్లియర్ మైక్రోఫోనిక్ (శబ్ద తరంగాన్ని అనుకరించే వోల్టేజి) అని తర్వాత తేలింది. మీ ప్రాక్టికల్స్‌లో క్లిక్ శబ్దం పోలారిటీని (అది మొదట గాలిని నొక్కేదా, లాగేదా అన్నది) మార్చి మార్చి ఇచ్చి సగటు తీయండి. మైక్రోఫోనిక్ రద్దయిపోయి నాడిది మిగులుతుంది. మత్తులో ఉన్న ఎలుక ఒళ్లు చల్లబడనివ్వకండి, వేవ్‌లన్నీ ఆలస్యమవుతాయి.

పరీక్షలో మాత్రం ఏ జంతువో రాయకుండా వేవ్ నంబరు రాయొద్దు.

ప్రశ్న అడిగినవారు:
రాస్తా సార్. ముందు అక్కకు ఫోన్ చేసి, ఆ టెక్నీషియన్ చెప్పింది నిజమేనని ఒప్పుకోవాలి.