చీనీ (బత్తాయి) లోడుతో తిరిగేటప్పుడు ఎడమ పక్క బైకులు కనబడేదెలా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. మా తమ్ముడు పన్నెండు చక్రాల లారీ నడుపుతాడు. చీనీ సీజన్లో లోడెత్తుకుని 44వ నంబరు హైవే మీద హైదరాబాద్, నాగ్‌పూర్ దాటి ఢిల్లీ దాకా పోతాడు.

హైవే ఎక్కాక పెద్ద ఇబ్బంది లేదు. తోటల నుంచి బయటికొచ్చే ఇరుకు రోడ్లే మాకు టెన్షన్. అంత పొడవు బండి ఎడమకు తిరగాలంటే ముందు కొంచెం కుడికి జరగాలి. ఖాళీ దొరికిందని బైకువాళ్లు ఎడమ పక్క దూరుతారు. క్యాబిన్‌కు ఆనుకుని, ముందు చక్రం దగ్గరున్న మనిషి మామూలు అద్దంలో కనబడడు. వాళ్లను తిట్టి లాభం లేదు, ఆ సంగతి వాళ్లకెవరు చెప్పారు?

ఎడమ తలుపు పైన కిందికి చూపించే గుండ్రటి అద్దం పెట్టిస్తే సరిపోతుందా, కెమెరా కూడా కావాలా? వెనక రిఫ్లెక్టర్ టేపు కప్పేయకుండా టార్పాలిన్ ఎట్లా కడుతున్నారు?

ఇంకొకటి. కాయ వాడిపోతుందని వ్యాపారులు రాత్రంతా ఫోన్లు చేస్తూనే ఉంటారు. నిద్రొస్తే బండి పక్కన ఆపేయమని నేను చెప్తాను, వాడు మొహమాటపడతాడు. లోడెత్తక ముందే వాళ్లతో టైం గురించి ఎలా మాట్లాడుకోవాలి? అనుభవమున్న డ్రైవరన్నలు దయచేసి చెప్పండి.