40 ఇన్సులిన్ సీసాకు 100 సిరంజి వాడారు, ఇప్పుడేం చేయాలి?

జీఎన్ఎం మూడో సంవత్సరం, మహబూబ్‌నగర్:
అందరికీ నమస్తే. నర్సింగ్ కోర్సు (జీఎన్ఎం)లో భాగంగా మెడికల్ వార్డులో పోస్టింగ్ నడుస్తోంది. అచ్చంపేట వైపు నుంచి ఒక పెద్దమ్మ అడ్మిట్ అయింది. ఇంట్లో 30/70 మిక్స్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది 30 శాతం, నిదానంగా పనిచేసేది 70 శాతం కలిపినది) పొద్దున 30, రాత్రి 20 యూనిట్లు తీసుకుంటోంది, అయినా షుగర్ 380. ముందు తక్కువతోనే మొదలుపెట్టి, దిగట్లేదని పెంచుకుంటూ వచ్చారట. కొడుకు సంచిలోంచి తీసిన సీసా మీద 40 ఐయూ అని ఉంది, సిరంజి మాత్రం నారింజ రంగు మూతది, దాని మీద 100 అని ఉంది. షాపులో 40 సీసాకు వాడే ఎర్ర మూతవి లేవని ఇవే ఇచ్చారట. డోసు ఎక్కువ పోయినట్టా, తక్కువ పోయినట్టా? సరైన సిరంజిలు ఇప్పించి పంపితే సరిపోతుందా? టెన్షన్‌గా ఉంది, సీనియర్లు చెప్పండి.

స్టాఫ్ నర్సు, నల్గొండ:
తక్కువ పోయింది చెల్లె. 100 సిరంజిలో 30 గీత అంటే 0.3 ఎంఎల్. ఆ సీసాలో ఎంఎల్‌కు 40 యూనిట్లే, కాబట్టి పొద్దున ఒంట్లోకి పోయింది 12. రాత్రి 20 అనుకున్నది 8. షుగర్ ఎట్లా దిగుతుంది?

సిరంజి మార్చి పంపడం మాత్రం అస్సలు చేయొద్దు. ఎర్ర మూత సిరంజిలో అదే 30 గీత దాకా లాగితే నిజంగానే 30 యూనిట్లు పోతాయి, నిన్నటిదాకా 12 పడిన మనిషికి ఒక్కసారిగా రెండున్నర రెట్లు. ఆమె సగం రొట్టె తిని చేనుకు పోయిందంటే అక్కడే పడిపోతుంది. ఇంకో మాట, మీ వార్డులో ఇంటి డోసు చూసి కేస్ షీట్ మీద 30, 20 అనే రాసి ఉంటారు, మనమేమో సరైన సిరంజితోనే ఇస్తాం. అందుకే రాత్రి డోసు ఇచ్చేలోపే డ్యూటీ డాక్టర్‌కు చెప్పు, "చీటీలో 30, పోయింది 12" అని అంకెలతో చెప్పు. నోట్స్‌లో కూడా రాయి. డోసు ఎంతనేది డాక్టర్ మళ్లీ తేలుస్తారు.

మెడికల్ షాపు, మిర్యాలగూడ:
దీనికి ఉల్టా జరిగితే ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌లో (మందు గొట్టంలో) ఎంఎల్‌కు 100 యూనిట్లు ఉంటాయి. పెన్ను పాడైందని కొందరు దాంట్లోంచి ఎర్ర మూత సిరంజితో లాగుతారు. 20 గీత అంటే అర ఎంఎల్, అంటే 50 యూనిట్లు! మూత రంగు ఒక్కటే నమ్ముకోకండి, సీసా మీది అంకె, సిరంజి మీది అంకె రెండూ కలవాలి. "ఇన్సులిన్ సూదులు ఇవ్వండి" అని ఉత్త చేతులతో వస్తే మాకు తెలియదు, సీసా డబ్బా వెంట తెమ్మనండి.

పీహెచ్‌సీ నర్సు, నాగర్‌కర్నూల్ జిల్లా:
డోసు మారాక కొన్నాళ్లు షుగర్ పడిపోయే లక్షణాలు గమనించమని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. చెమటలు, వణుకు, గుండె దడ, తికమక మాటలు. 70 కన్నా దిగితే, తెలివిలో ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, తర్వాత అన్నమో రొట్టో పెట్టాలి. తెలివి లేకుంటే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి. థైరాయిడ్‌కో బీపీకో ప్రొప్రనలాల్ వేసుకుంటోందేమో అడుగు, ఆ గోలీతో దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది.

జీఎన్ఎం మూడో సంవత్సరం, మహబూబ్‌నగర్:
చాలా థాంక్స్ అక్కా, అన్నా. డాక్టర్‌కు చెప్పాను, డోసు తగ్గించి రాశారు, తెల్లవారుజామున కూడా షుగర్ చూడమన్నారు. కొడుక్కి చదువు రాదు, ఆయనకెట్లా నేర్పించాలి?

స్టాఫ్ నర్సు, నల్గొండ:
నోటితో చెప్పి వదిలేయకు, డిశ్చార్జ్‌కు ముందు ఆయన చేతనే నీ ముందర లాగించు. సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, గిలకొట్టొద్దు, మందంతా ఒకే తీరు తెల్లగా కలవాలి. డోసు గీత దగ్గర ఖాళీ సిరంజి మీద మార్కర్‌తో గుర్తు పెట్టి నమూనాగా ఇవ్వు, పాత నారింజ మూతవన్నీ ఇంట్లోంచి తీసేయమను. సూది వేశాక అరగంటకు తినాలి. ఫ్రిజ్ లేకుంటే మన ఎండలకు సీసాను కవర్‌లో కట్టి తడి కుండలో పెట్టుకోమను. తెరిచిన సీసా నాలుగు వారాలు దాటితే వాడొద్దు.