ఈ వారం సమస్య: కడలి నడుమ నున్న కడపఁ జూచె

పాలకొండలు (నిర్వాహకుడు): మా వియ్యంకుడు ఓడ యాత్రకు పోయి మారిషస్‌లో పోర్ట్ లూయీ రేవు నుంచి ఫోన్ చేశాడు. ఓడ పొద్దున ఆగి సాయంత్రానికి కదిలిపోతుందట. "ఇక్కడ ఉగాదికి సర్కారు సెలవంట బావా, కడపలో ఉన్నట్టే ఉంది" అన్నాడు. అంతే, పాదం తన్నుకొచ్చింది. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. రేవు, ఊరు పూరణలో కనబడాలి.

ఒంటిమిట్ట:

ఓడ దిగిన యత్త యుగ్గాని లేదంచు
అలిగి నడువ, నల్లుఁ డంగడొకటి
చూప, దాలుపూరి చుట్టి యొకతె యిడఁ
కడలి నడుమ నున్న కడపఁ జూచె

ఉగ్గాని అంటే మన బొరుగుల ఉప్మా. దాల్ పూరీ తెలియనివాళ్ళకు: బఠాణీ పప్పు లోపల పెట్టి కాల్చిన పల్చటి రొట్టె. బొబ్బట్టులో బెల్లం మానేస్తే ఇదే. చిక్కుడుగింజల కూర, పచ్చడి వేసి, చుట్టి చేతికిస్తారు. నిలబడే తినాలి.

గండికోట: అత్తగారి అలక అచ్చం మన ఇళ్ళలోదే. కానీ "అంగడొకటి" దగ్గర పంటి కింద రాయి పడింది. అంగడిలో ఇకారాన్ని ఓడలోనే వదిలేసి దిగారా? "అంగడి యొకటి" అంటే గణం చెడుతుంది. "డంగడి నటు / చూప" అనండి, పోతుంది.

ఒంటిమిట్ట: మా వీధిలో అందరూ అంగడొకటి అనే అంటారన్నా. ఆకలి మీదున్న అత్తగారికి సంధి సూత్రం ఎవరు చెప్తారు?

గండికోట: మీ వీధి వ్యాకరణం మీ వీధిలోనే చెల్లుతుంది.

పెనుకొండ:

మెట్లు పదియునాఱు మెల్లగా నెక్కిన
తాత కొడుకు కొడుకు తలుపు తట్టి
పసుపు రాచి ముగ్గు పఱచిన యింటిలో
కడలి నడుమ నున్న కడపఁ జూచె

మెట్లంటే ఆ రేవులో వలస కూలీలు ఓడ దిగిన చోటు, ఆప్రవాసీ ఘాట్ మెట్లు. 1834 నుంచి 1920 దాకా చెరకు తోటల పనికి వచ్చిన ఒప్పంద కూలీలు దాదాపు ఐదు లక్షల మంది. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కోరంగి రేవులో ఓడెక్కిన మనవాళ్ళను అక్కడ కోరంగీలనేవారు.

కొండారెడ్డి బురుజు: పద్యం మెత్తగా ఉందక్కా. కానీ కడపను గడప చేయడం పాతచింతకాయ పచ్చడి. దేవుని కడపను తిరుమలకు గడప అని చెప్పుకునే ఊళ్ళో ఈ మెలిక పిల్లోడు కూడా వేస్తాడు. పైగా సాయంత్రానికి కదిలే ఓడ దిగి ఎవరింటి తలుపు తట్టారు?

గండికోట: మెలిక పాతదే, ఒప్పుకుంటా. రెండో పాదం చూడు ముందు. రెండు "కొడుకు"లతో మూడు తరాలు నడిచి వచ్చాయి. తుంగభద్రలో ఓడ నడిపిన కవివి, ఇంతకన్నా కొత్తది నువ్వు చూపించు.

కొండారెడ్డి బురుజు: ఇదిగో.

మంచమెక్కి యున్న మామకు వీడియో
కాలు చేసి చూపెఁ గడలి నతఁడు;
తెరను నిండె నీరు, తిన్నని గడిలోన
కడలి నడుమ నున్న కడపఁ జూచె

ఒంటిమిట్ట: మంచమెక్కిన మామకు కాలు చేశాడంటే ఎముకల డాక్టరేమో అనుకున్నా!

పెనుకొండ: ఊహ కొత్తదే, కాదనను. కానీ ఫోన్‌లో ఆ చిన్న గడి మూలనుంటుంది, నడుమ కాదు. సమస్యలో బిగువంతా "నడుమ" మీదే కదా తమ్ముడూ.

కొండారెడ్డి బురుజు: వేలితో జరుపుకోవచ్చు.

పెనుకొండ: జరిపి చూడు, మళ్ళీ మూలకే పోతుంది. ఇంతకూ పోర్ట్ లూయీ ఏదీ? ఈ పద్యం విశాఖలో ఎక్కిన ఓడకైనా అతుకుతుంది.

గండికోట: ఊరి పేరు పట్టించుకోడు. ఉగాది పూరణలో కర్నూలు నుంచి కడపకు ఓడ తోలాడు కదా.

కొండారెడ్డి బురుజు: ఇంకా ఆ పద్యమేనా? కె.సి. కాలువను (కర్నూలు-కడప కాలువ) 1860లలో సేద్యానికే కాదు, పడవలకూ కలిపి తవ్వారు. తుంగభద్ర మీది సుంకేసులలో మొదలై కడప దాకా వస్తుంది. చరిత్ర చదివి ఎగతాళి చేయండి.

గండికోట: పడవైతే సరే. నువ్వు పెట్టింది తెరచాప ఓడ. కాలువ మీది వంతెనల కింద అది ఎట్లా దూరిందో అదే చరిత్రలో వెతికి చెప్పు.

పాలకొండలు: కాలువ గొడవ విడిగా పెట్టుకోండి. మెచ్చుకోలు అత్తగారికే, "అంగడి నటు" అని దిద్దితేనే. పెనుకొండ అక్క రెండో పాదం మాత్రం పొద్దుటి నుంచి నోట్లో ఆడుతోంది. వచ్చే వారం పాదం గండికోట ఇస్తారు.

కొండారెడ్డి బురుజు: ఇకారాలు లెక్కపెట్టుకుని ఇమ్మనండి.