జన్యు సవరణ పంటలకు జన్యుమార్పిడి పంటల నియమాలే వర్తించాలా?

విత్తనం (చర్చ ప్రారంభం):
క్రిస్పర్ (డీఎన్‌ఏను ఎంచుకున్న చోట కత్తిరించి మార్చే సాధనం) వంటి పద్ధతులతో జన్యు సవరణ చేసిన పంటలు కూడా, వేరే జీవి జన్యువును చొప్పించిన పంటల కోసం ఉన్న జన్యుమార్పిడి చట్టం కిందికే వస్తాయని 2018 జూలైలో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం తీర్పు చెప్పింది. భారత ప్రభుత్వం మాత్రం 2022 మార్చిలో, బయటి జన్యువు చివరికి మిగలని సవరణ మొక్కలను ఆ కఠిన నియమాల నుంచి తప్పించింది. ఈ మినహాయింపు సబబేనని నా అభిప్రాయం. ఎక్స్‌రేలు, గామా కిరణాలతో విత్తనాల డీఎన్‌ఏను ఎక్కడబడితే అక్కడ మార్చి, పనికొచ్చే మొక్కలను ఏరుకునే పద్ధతి దశాబ్దాలుగా సాగుతోంది. ఇలాంటి ఉత్పరివర్తన పద్ధతులతో వచ్చిన రకాలు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నమోదులో 3,000కు పైగా ఉన్నాయి. వాటిపై లేని అనుమానం, ఎంచుకున్న ఒక్క చోట మార్పు చేసే పద్ధతిపై ఎందుకు?

పరిశీలన:
ఎంచుకున్న చోటే మార్పు జరిగిందని ఎవరు నిర్ధారించాలన్నదే నా ప్రశ్న. కొమ్ములు మొలవకుండా జన్యు సవరణ చేసిన పశువులలో అనుకోని మార్పులేవీ లేవని రూపకర్తలు చెప్పగా, వాటిలో బాక్టీరియా డీఎన్‌ఏ, యాంటీబయాటిక్ నిరోధక జన్యువులతో సహా, మిగిలిపోయిందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలు 2019లో గుర్తించారు. పంటలలో ఇలాంటి అవశేషాలను తర్వాతి తరాల సంకరణంలో తొలగించడం సులువే కావచ్చు. కానీ తొలగిపోయాయో లేదో తయారుచేసినవారు కాక వేరొకరు చూడాలి.

పైరు:
మీరిద్దరూ పద్ధతి గురించే వాదిస్తున్నారు. నా దృష్టిలో పరీక్షించవలసింది పద్ధతిని కాదు, మొక్కకు కొత్తగా వచ్చిన లక్షణాన్ని. మామూలు సంకరణంతోనే రూపొందిన లెనాపే అనే బంగాళాదుంప రకాన్ని, దుంపలో సొలనిన్ వంటి విషపదార్థాలు మోతాదు మించినందువల్ల 1970లో అమెరికాలో ఉపసంహరించవలసి వచ్చింది. ప్రయోగశాలలో జన్యువును ముట్టుకోనంత మాత్రాన ఆ దుంప సురక్షితం కాలేదు. కలుపు మందును తట్టుకునే గుణాన్నే తీసుకుందాం. అది జన్యుమార్పిడితో వచ్చినా, రసాయనాలతో కలిగించిన ఉత్పరివర్తనంతో వచ్చినా, పొలంలో పర్యవసానం ఒకటే: రైతులందరూ ఏటా ఒకే మందు చల్లితే దానికి లొంగని కలుపు మొక్కలు పెరుగుతాయి. గ్లైఫోసేట్ అనే కలుపు మందును తట్టుకునే సోయా, పత్తి విస్తరించిన అమెరికా పొలాలలో తోటకూర జాతికి చెందిన ఒక కలుపు ఇలాగే మొండికెత్తింది. కెనడా చట్టం ఈ సంగతిని గుర్తించి, ఏ పద్ధతిలో వచ్చినదైనా సరే, కొత్త లక్షణమున్న మొక్కను పరిశీలనకు పంపుతుంది. మనం అడగవలసిన చట్టం అదేనని గట్టిగా నమ్ముతున్నాను.

విత్తనం:
కొత్త లక్షణమున్న ప్రతి రకానికీ ఏళ్ల తరబడి పరీక్షలంటే, ఆ ఖర్చును పెద్ద కంపెనీలే భరించగలవు. ప్రభుత్వ పరిశోధన కేంద్రాలు వెనుకబడిపోవా?

పైరు:
ఆ ప్రమాదం నిజమే, అందుకే పరీక్ష లక్షణానికి తగినంతే ఉండాలి. మొక్క ఎత్తు తగ్గించే మార్పుకూ కీటకాలను చంపే ప్రోటీన్‌కూ ఒకే కొలత పెట్టకూడదు. అయితే పరీక్షలు తగ్గించినంత మాత్రాన చిన్న సంస్థలకు దారి తెరుచుకోదు. క్రిస్పర్ పేటెంట్లు కొద్దిమంది చేతుల్లోనే ఉన్నందున, వాణిజ్య వినియోగానికి లైసెన్సు అవసరమవుతుంది. ఆ షరతులను బహిరంగపరచకుండా మినహాయింపులు ఇస్తే, రైతు విత్తనం దాచుకునే హక్కు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

పరిశీలన:
లక్షణాన్ని బట్టి పరీక్ష అన్నదానికి అంగీకరిస్తున్నాను. దానితోపాటు, సవరించిన ప్రతి రకం డీఎన్‌ఏ క్రమాన్ని విడుదలకు ముందే ప్రజలకు అందుబాటులో ఉంచాలన్న షరతును నేను వదులుకోను.