రొమ్ము క్యాన్సర్ హార్మోన్ మాత్రలు మాటను, జ్ఞాపకాన్ని దెబ్బతీస్తాయా?

అంబాజీపేట సభ్యురాలు:
శస్త్రచికిత్స, కీమో పూర్తయ్యాక మా వదినగారు టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వాడుతున్నారు. కొబ్బరి దింపు లెక్కలు ఇప్పటికీ కాగితం లేకుండానే తేల్చేస్తారు గానీ, కూలీలకు పని పురమాయిస్తూ "ఆ గెలలు తీసుకెళ్లి..." అన్నంతలో తరువాతి మాట అందక ఆగిపోతున్నారు. మాత్ర మానేస్తే సర్దుకుంటుందని చుట్టాలు అంటున్నారు. మానవచ్చునా?

పాలకొల్లు సభ్యుడు:
మాత్రను దోషిగా నిలబెట్టడం తొందరపాటని నా అభిప్రాయం. హార్మోన్ మాత్రలు మాత్రమే వాడినవారిని, వాటికి ముందు కీమో కూడా తీసుకున్నవారిని పోల్చిన టైలరెక్స్ పరిశోధనలో (2020), తొలి ఆరు నెలల్లో కీమో తీసుకున్నవారే మతిమరుపు ఎక్కువగా చెప్పుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ తేడా పోయింది. క్యాన్సర్ లేని స్త్రీలకు అనాస్ట్రోజోల్ అనే మరో హార్మోన్ మాత్ర ఇచ్చి చూసిన బ్రిటన్ పరిశోధనలోనూ (2008), ఉత్తుత్తి మాత్ర వాడినవారితో తేడా కనబడలేదు.

కాకినాడ సభ్యురాలు (ఫార్మకాలజీ అధ్యాపకురాలు):
ఈ రెండూ టామాక్సిఫెన్‌ను నిర్దోషిగా తేల్చవు. టైలరెక్స్‌లో ఇరువర్గాలూ హార్మోన్ మాత్రలు వాడినవే కనుక, అది కీమో సంగతి చెబుతుందే తప్ప మాత్ర సంగతి చెప్పదు. అనాస్ట్రోజోల్ ఈస్ట్రోజెన్ తయారీని తగ్గిస్తుంది. టామాక్సిఫెన్ నేరుగా ఈస్ట్రోజెన్ గ్రాహకాలకే (కణాల్లో ఆ హార్మోన్ అతుక్కునే చోట్లకే) అతుక్కుంటుంది, ఆ గ్రాహకాలు మెదడులో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలోనూ ఉన్నాయి. బహిష్టు ఆగిన స్త్రీలపై నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధనలో (2010), ఏడాది టామాక్సిఫెన్ వాడినవారు మాటలను గుర్తుపెట్టుకోవడంలో ఆరోగ్యవంతుల కంటే వెనుకబడ్డారు. అనాస్ట్రోజోల్ వర్గానికే చెందిన ఎక్సిమెస్టేన్ వాడినవారు వెనుకబడలేదు. లెక్క నిలిచి మాట జారుతోందన్న మీ వర్ణన దీనికి దగ్గరగానే ఉంది, అయితే ఒక్కరి అనుభవం రుజువు కాదు.

మానడం మాత్రం వేరే విషయం. హార్మోన్ గ్రాహకాలున్న క్యాన్సర్‌లో అయిదేళ్ల టామాక్సిఫెన్ ఆ వ్యాధి మరణాలను సుమారు మూడో వంతు తగ్గిస్తుంది. కాబట్టి సొంతంగా ఆపకండి. ఒంట్లో ఆవిర్లతో రాత్రి నిద్ర చెడుతోందేమో, థైరాయిడ్, బి12 ఎలా ఉన్నాయో ముందు చూపించండి. ఆవిర్లకని ఎవరైనా పారాక్సెటిన్ (దిగులుకు వాడే మందు) రాసి ఉంటే క్యాన్సర్ వైద్యునికి తప్పక చెప్పండి. టామాక్సిఫెన్ కాలేయంలో చురుకైన రూపంలోకి మారకుండా అది అడ్డుపడుతుంది. బహిష్టు ఆగి ఉంటే, వేరే మాత్రకు మారడం గురించి ఆయననే అడగవచ్చు.

పాలకొల్లు సభ్యుడు:
అడిగేటప్పుడు రెండో వైపు కూడా అడగండి. ఎక్సిమెస్టేన్ వర్గపు మాత్రలతో కీళ్ల నొప్పులు వస్తాయి, ఎముకలు గుల్లబారుతాయి; పొద్దస్తమానం తోటలో తిరిగే మనిషికి అదేమీ చిన్న బాధ కాదు.